గోడ మీద నారింజ పడవ

ఒక మనిషి తన కళ్ళకు కనిపించింది కనిపించినట్టు చెప్పాడు. పక్కనే నిలబడి నేను, అక్కడేమీ లేదన్నాను. అప్పటికి నాకూ కనిపిస్తూనే ఉంది. అయినా లేదన్నాను.

ఇన్నేళ్ళుగా నేను మోస్తున్నది ఇదే. రాస్తే ఇంతే ఉంది. మరి చెప్పడానికి ఇంత కాలం ఎందుకు పట్టింది? మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. మొహాలు చూసుకోనక్కర్లేదు కాబట్టే ఇప్పుడైనా రాయగలుగుతున్నాను. దీన్ని ధైర్యం అనొద్దు.

నేను బొమ్మలు వేస్తాను. విశాఖపట్నంలో ఒక ప్రైవేటు బడిలో చాలాకాలం డ్రాయింగు మాస్టారుగా పనిచేశాను. వన్ టౌన్లో ఒక పాత మేడ మీద గదిలో అద్దెకుండేవాణ్ణి. కింద ఇంటివారైన గౌస్ భాయిది పెయింట్ల కొట్టు. కిటికీ తెరిస్తే పోర్టు క్రేన్లు కనిపించేవి, ఎర్రటి దుమ్ము గదిలోకి వచ్చేది. గోడలకి మాత్రం ఏటా సున్నం వేయించుకునేవాణ్ణి. బొమ్మలు వేసేవాడికి తెల్లగోడ కావాలి.

నా పనిలో ఒక సంగతి ముందుగా చెప్పాలి. లేకపోతే నేను చేసిన తప్పు మీకు అర్థం కాదు. ప్రతి రంగుకీ ఒక ఎదురు రంగు ఉంటుంది. ఎరుపుకి ఆకుపచ్చ, పసుపుకి ఊదా, నీలానికి నారింజ. పుస్తకాల్లో పూరక వర్ణాలంటారు. పక్కపక్కన పెడితే రెండూ ఒకదాన్నొకటి రెచ్చగొట్టుకుని మండుతాయి. కలిపేస్తే రెండూ చచ్చి బూడిదరంగవుతాయి. ఇంకొకటుంది. నీలం రంగుని కన్నార్పకుండా కాసేపు చూసి, చూపు తెల్లగోడ మీదికి తిప్పండి. నారింజ మరక ఒకటి అక్కడ తేలుతుంది. మాయ కాదు, మంత్రం కాదు. నీలాన్ని చూసి చూసి అలిసిన కన్ను, తెలుపులోని నీలాన్ని వదిలేసి మిగిలినదాన్ని చూపిస్తుంది. కళ్ళున్న ఎవరికైనా అంతే. బళ్ళో పిల్లలకి ఈ ఆట చూపించినప్పుడల్లా క్లాసంతా గోలగోలగా ఉండేది.

ఈ పాఠం నేను ఎంతమంది పిల్లలకి చెప్పానో లెక్కలేదు. చెప్పవలసిన ఒక్క మనిషికి చెప్పలేదు.

అతని పేరు పోలయ్య. ఫిషింగ్ హార్బరుకి అవతల, ఇసుకలో పడవలు లాగి పెట్టుకునే చోట పరిచయం. సాయంత్రాలు అక్కడ కూర్చుని గీసుకునేవాణ్ణి. ఒకరోజు వల బాగుచేసుకుంటున్నవాడు లేచొచ్చి నా కాగితంలోకి తొంగిచూశాడు.

"ఇంజనేదీ బావ? ఇంజను నేకండా పడవ ఎక్కడికెల్తాది?"

పరిచయం లేని మనిషిని మొదటి మాటలోనే బావ అన్నాడు. నేనూ అలాగే పిలవడం మొదలుపెట్టాను. పొట్టి మనిషి, మాట తక్కువ. అతని భార్య నూకాలు హార్బర్లో చేపలమ్మేది. నన్ను అన్నా అనేది. ఆమె తమ్ముడు సత్తి వాళ్ళతోనే ఉండేవాడు. తల్లి పోయాక వాణ్ణి ఎత్తుకుని పెంచింది నూకాలే. పాతికేళ్ళు వచ్చినా వాడికి అన్నం ఆవిడే వడ్డించాలి. ముందుపన్ను ఒకటి విరిగిపోవడంతో నవ్వు వచ్చినప్పుడల్లా అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాడు. నవ్వు వాడికి తరచుగా వచ్చేది. బావామరుదులిద్దరూ కలిసి ఒక ఫైబర్ పడవ మీద వేటకెళ్ళేవారు. ఆదివారాలు వాళ్ళింట్లో నాకు భోజనం. నాకు పెళ్ళి కాలేదు. ఇల్లు అంటే నాకు గుర్తొచ్చేది ఆ ఇల్లే.

ఒక వేసవిలో, సముద్రంలో వేట ఆపేసే రోజుల్లో, పోలయ్య పడవకి కొత్తగా రంగు వేయమన్నాడు.

"అంతా ఆరెంజి వేసీ బావ. లోపలా పైనా. సంద్రంలో మనకేదన్నా అయితే దూరానికి కనబడాల."

గౌస్ భాయి కొట్లో నారింజ రంగు డబ్బాలు కొని నా గదిలో పెట్టి వెళ్ళాడు. నీలం మీద నారింజ. ఆ అడిగినదాని విలువ నాకు తెలియదని చెప్పుకోవడానికి కూడా వీల్లేదు. నాకు తెలుసు. అది నా పాఠమే.

సరిగ్గా అప్పుడే ఒక ప్రదర్శనకి పెద్ద కాన్వాసు ఒకటి పంపమని నాకు కబురొచ్చింది. అలాంటి పిలుపు నా జన్మలో అదే మొదటిసారి. ఏం వేయాలో కూడా తట్టేసింది. సముద్రంలో కలిసిపోయిన పడవ. నీళ్ళెక్కడ ఆగాయో పడవెక్కడ మొదలైందో తెలియకూడదు. చూసేవాడు వెతుక్కోవాలి. ఊహించి వేయలేనా? వేయగలను. కానీ నిజం పడవ నిజం వెలుతురులో ఎదురుగా ఉంటే వచ్చే బొమ్మ వేరని ఆశపడ్డాను. నేను పోలయ్య పడవకి సముద్రం రంగు వేశాను. నీలంలో ఒక్క చుక్క నారింజ కలిపి దాని గొంతు నొక్కి, తొలకరి నాటి నీళ్ళ రంగు ఎలా ఉంటుందో అలా తెచ్చాను. లోపల, బయట, బల్లలకి, అంచులకి.

"ఇదేటి బావ, నీలం వేసీసినావు?" అన్నాడు పోలయ్య.

"అడుగుపూత. ఇదారితేనే ఆరెంజి పట్టుద్ది," అన్నాను.

నమ్మాడు. రంగుల విషయంలో నా మాట వేదం అతనికి.

నేను రోజూ వెళ్ళి ఆ పడవ ఎదురుగా కూర్చునేవాణ్ణి. ఒకరోజు సత్తిని పడవలో నిలబడమన్నాను. నడుం మీద చెయ్యేసుకుని సినిమా హీరోలా నిలబడ్డాడు. వాణ్ణి కాన్వాసులోకి ఎక్కించాను. రెండు రోజుల తరవాత మనిషి ఉంటే పడవ దొరికిపోతోందనిపించి, వాడి మీద చిక్కటి నీలం పూసేశాను. దగ్గరికెళ్ళి చూసినా తెలియదు. అక్కడొక మనిషి ఉన్నాడని తెలిసింది నాకొక్కడికే.

ఆ రోజుల్లోనే గమనించాను. గదిలో కాన్వాసుని చాలాసేపు చూసి తల తిప్పితే, సున్నం గోడ మీద నారింజ రంగులో పడవ తేలుతోంది. బొమ్మలో దాక్కున్నది గోడ మీద బయటపడుతోంది. అందులో నిలబడి ఒక మనిషి కూడా. పూసేసిన చోట నీలం చిక్కగా ఉంది కదా, అందుకని అక్కడ నారింజ ఇంకా చిక్కగా లేచింది. నేను చూపు ఎటు కదిపితే పడవ అటు కదిలింది. ఆపితే కాసేపు ఊగి, మెల్లగా అడుగునుంచి కరిగి మునిగిపోయింది. ఒళ్ళు జలదరించింది. కానీ అది భయం కాదు. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను, అది గర్వం. నేను అనుకోకుండానే ఇంత గొప్పది చేశానా అనుకున్నాను.

వేట మళ్ళీ మొదలయ్యే రోజు వచ్చింది. బొమ్మ ఇంకా పూర్తి కాలేదు. ముందురోజు మధ్యాహ్నం పోలయ్య, సత్తి ఇసుకలో నా దగ్గరికి వచ్చారు.

"ఇవాళ ఆరెంజి వేసీగలవా బావ? రేపు ఎల్దామనుకుంతన్నాం."

నేను ఆకాశం వైపు చూశాను. అలా చూడటం నాకింకా గుర్తుంది. తెలిసినవాడిలా చూశాను. "గాలిలో సెమ్మ ఉంది బావ. ఇప్పుడేస్తే ఎండదు, పొక్కులొచ్చేస్తాది. ఈ ఒక్క వేటకీ ఇలాగే ఎల్లొచ్చీండి."

"ఎండ కాస్తంది కదన్నా," అన్నాడు సత్తి. నవ్వి అరచెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

నిజమే. ఎండ కాస్తోంది. ఇసుకలో చెప్పుల్లేకుండా నిలబడలేనంత ఎండ. ఒక్క పూటలో ఆరిపోయేది.

"ఊరుకోరా, రంగుల సంగతి బావకి తెల్దా," అన్నాడు పోలయ్య.

మర్నాడు వెళ్ళారు. తిరిగి రావలసిన నాటికి రాలేదు.

తరవాతి సంగతులు నేను పోలయ్య నోటివెంట ముక్కలు ముక్కలుగా విన్నవే. ఇంజను ఆగిపోయింది. గాలి ఎక్కువైంది. పడవలోకి నీళ్ళొచ్చి అంచుదాకా మునిగి, ఉన్నదీ లేనిదీ తెలియకుండా కొట్టుకుపోయింది. ఒడ్డున అందరూ కదిలారు. తోటి పడవలు వెతికాయి. హెలికాప్టరు వెతికింది. వెతికినవాళ్ళ తప్పు ఇసుమంత కూడా లేదు. హెలికాప్టరు వాళ్ళ నెత్తిమీదుగానే వెళ్ళింది. సత్తి చొక్కా విప్పి ఊపాడు. ఆ చొక్కా కూడా నీలమే. తరవాత ఒక పడవ, మనుషుల తలకాయలు కనబడేంత దగ్గరగా పోయింది. వీళ్ళ గొంతులు అలల్లో వినబడలేదు. సముద్రం రంగు పడవ సముద్రంలో ఎవరికి కనిపిస్తుంది? ఆ పడవ దాటిపోయాక సత్తి ఇంక మాట్లాడలేదట. మర్నాడు పోలయ్య కళ్ళు తెరిచేసరికి పక్కన లేడట.

శ్రీకాకుళం వైపు వేటకొచ్చిన వాళ్ళకి పోలయ్య దొరికాడు. ప్రాణంతో దొరికాడు గానీ తెలివిలో లేడు. ఆసుపత్రిలో నేను చూడ్డానికెళ్ళినప్పుడు నా చెయ్యి పట్టుకుని, సంద్రంలో తనతో ఎవరెవరో మాట్లాడారని చెప్పాడు. చచ్చిపోయిన తండ్రి పిలిచాడట. పక్కన ఆవు అరిచిందట. ఎండకీ దాహానికీ అలా అవుతుందని డాక్టరు అన్నాడు. నేను తలూపాను. సత్తి శవం దొరకలేదు.

నేను అప్పుడే చెప్పి ఉండొచ్చు. ఆ మంచం పక్కనే. బావ, నేను అబద్ధం చెప్పాను, బొమ్మ కోసం చెప్పాను, అని. ఎందుకు చెప్పలేదు? మనిషి నీరసంగా ఉన్నాడు, తరవాత చెబుదాం అనుకున్నాను. తరవాత అనేది నాకు చాలా సుఖంగా ఉండే మాట. పడవకి ఆరెంజి వేయమన్నప్పుడూ అదే చెప్పాను.

బొమ్మ పూర్తి చేశాను. అవును. సత్తి పోయాకే పూర్తి చేశాను. పడవ లేకుండానే, గుర్తు మీద. అంటే మొదటినుంచీ దాన్ని గుర్తు మీద వేయగలిగేవాణ్ణే.

పోలయ్య ఇంటికొచ్చాక వాళ్ళ జాలరిపేటలో అందరూ ఒకటే అడిగారు. ఆరెంజి వేయకుండా పడవ ఎలా తీశావని. మీ బావమరిదిని నువ్వే పొట్టనపెట్టుకున్నావని. పోలయ్య ఒకటే సమాధానం చెప్పేవాడు. ఎండదని మా బావ చెప్పాడు, ఈ ఒక్క వేటకీ వెళ్ళమన్నాడు. విన్నవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకునేవారు. సంద్రంలో ఆవు అరుపు విన్న మనిషి కదా. ఆ మధ్యాహ్నం ఇసుకలో ఉన్నది మేము ముగ్గురమే. అందులో ఒకడు లేడు.

ఒక ఉదయం నూకాలు పోలయ్యని వెంటబెట్టుకుని నా గదికి వచ్చింది. మెట్లెక్కిన ఆయాసం తీరకుండానే అడిగింది. పోలయ్య లోపలికొచ్చి, ప్రదర్శనకి పంపడానికి గోడకి ఆనించి పెట్టిన కాన్వాసు ముందు కూలబడ్డాడు. దాన్నే చూస్తూ ఉండిపోయాడు.

"అన్నా, నీకాడ ఒక్క మాట అడగాలని వొచ్చినాను. ఎండదు, ఇలాగే ఎల్లమని నువ్వే అన్నావని ఈ మనిసి రోజూ సెప్తన్నాడు. నిజమేనా? నువ్వు ఔనంటే ఔను. మరి నాను ఈ జల్మలో అడగను."

ఆమె కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. తమ్ముడు పోయినప్పటినుంచి తల దువ్వుకోలేదు. ఔనంటే ఏమవుతుంది? నన్ను తిడుతుంది. పేట మనుషులొస్తారు. బొమ్మ సంగతి బయటికొస్తుంది. ప్రదర్శన పోతుంది. ఆదివారం భోజనం పోతుంది. ఇవన్నీ నేను అప్పుడు ఆలోచించానని రాస్తే అదీ అబద్ధమే. ఏమీ ఆలోచించలేదు. నోరే ముందు కదిలింది.

"నానలా అన్నేదమ్మా. నాలుగు రోజులాగితే ఆరెంజి వేసీవోణ్ణి. ఆగలేదు."

'ఆగలేదు.' ఆ చివరి మాట ఎవరూ అడగలేదు. నేనే కలిపాను.

నూకాలు గుమ్మం పట్టుకుంది. పోలయ్య ఏమంటాడో అని కాచుకున్నాను. అతను మా మాటలు విన్నాడో లేదో కూడా తెలియలేదు. రెప్ప వేయకుండా కాన్వాసునే చూస్తున్నాడు. చాలాసేపటికి మెడ తిప్పి సున్నం గోడ వైపు చూశాడు. లేచి నిలబడ్డాడు.

"అదిగో," అన్నాడు.

"ఏటి?" అంది నూకాలు.

"పడవ. ఆరెంజి వేసీసినావా బావ! ఎంత బాగా కనబడతన్నాదో." గోడ దగ్గరికి అడుగేశాడు. "సత్తిగాడు. అదిగో నిలబడున్నాడు, నడుం మీద సెయ్యేసుకుని. ఒరే, ఇటు సూడ్రా."

నూకాలు నోట్లో కొంగు కుక్కుకుంది.

అబద్ధమాడిన దగ్గర్నుంచీ వాళ్ళ మొహాలు చూడలేక నేనూ ఆ కాన్వాసు మీదే చూపు నిలిపి, వాళ్ళని కంటి చివరనుంచే చూస్తున్నాను. తల తిప్పాను. గోడ మీద పడవ ఉంది. అందులో వాడు నిలబడి ఉన్నాడు. నడుం మీద చెయ్యి కూడా ఉంది.

"నీకు కనబడతన్నాదా బావ?" అన్నాడు పోలయ్య. అడిగిన తీరు నాకు ఇప్పటికీ వినబడుతుంది. పోట్లాటలా కాదు. దారి తప్పినవాడు ఎదురొచ్చినవాణ్ణి ఊరిపేరు అడిగినట్టు అడిగాడు.

"ఏటీ నేదు బావ. ఒట్టి గోడ."

అతను మళ్ళీ చూశాడు. అప్పటికి అది కరిగిపోతూ ఉండాలి. మునిగిపోతూ ఉండాలి. చేత్తో గోడని తడిమి, సున్నం అంటిన వేళ్ళు చూసుకున్నాడు.

"ఔనేమో," అన్నాడు. "నాకే అలా కనబడ్డాదేమో. ఆ రోజు నువ్వన్నట్టు కూడా నాకే అలా ఇనబడ్డాదేమో."

నూకాలు అతని చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్ళిపోయింది.

ఆ మెట్ల మీద వాళ్ళ అడుగులు దిగుతుంటే ఒక్క మాట అరిస్తే సరిపోయేది. అది అందరికీ కనిపిస్తుంది బావ, నీకు పిచ్చిలేదు, అని. మొదటి అబద్ధం ఆ రోజు ఒప్పుకోలేకపోయినా, కనీసం ఈ రెండోది చెప్పకుండా ఉండొచ్చు. కానీ ఆలోచిస్తే, రెండోది చెప్పకపోతే మొదటిది నిలవదు. అతని కళ్ళు నిజమైతే అతని చెవులూ నిజమే అవుతాయి. అది నాకు ఆ క్షణంలో తెలుసా? తెలియకుండా అంత సరిగ్గా ఎలా అంటాను? సత్తి చావులో గాలి పాలుంది, ఇంజను పాలుంది, నా పాలుంది. పోలయ్యకి జరిగినదాంట్లో ఇంకెవరి పాలూ లేదు.

అతన్ని పెద్ద డాక్టరుకి చూపించారు. మందులు పెట్టారు. ఒళ్ళు వచ్చింది, నడక మందగించింది. పడవ అమ్మేశారు. సంద్రం కంటికి కనబడని చోట ఉంచమన్నారని సబ్బవరం వెళ్ళిపోయారు. అక్కడ ఇళ్ళ స్థలాల వెంచరు ఒకదానికి కాపలా. నూకాలు అతన్ని వదిలేయలేదు. వండి పెట్టేది, మందులిచ్చేది. పేరు పెట్టి గానీ, వరస పెట్టి గానీ పిలవడం మానేసిందని పేటలో వాళ్ళు చెప్పారు. నేను ఒక్కసారీ వెళ్ళలేదు.

బొమ్మకి మంచి పేరొచ్చింది. దాని ఎదుట నిలబడి తల తిప్పినవాళ్ళు కొందరు కళ్ళు నులుముకోవడం చూశాను. అదిప్పుడు ఈ ఊళ్ళోనే ఒక పెద్ద భవనం హాల్లో ఉంది. దాని ఎదురుగోడ తెలుపు. మీరెప్పుడైనా అక్కడ కూర్చుని ఎవరికోసమో ఎదురుచూసి ఉంటే, మీకూ కనిపించి ఉంటుంది. మీరు ఎవరికీ చెప్పి ఉండరు. మనుషులు ఇలాంటివి చెప్పుకోరు.

ఈ మధ్య నాకు కంటిలో శుక్లాలు తీశారు. కట్టు విప్పాక నీలం చూసి బెదిరిపోయాను. ఇన్నేళ్ళూ పసుపు పొర వెనకనుంచి చూశానట. నర్సమ్మ గౌను నీలం, తలుపు తెర నీలం, మందు సీసా మూత నీలం. ఎక్కడ చూపు ఆపి తిప్పినా గోడ మీద నారింజ. పడవ ఆకారమేమీ లేదు. అయినా నాకు చెమటలు పట్టాయి. పరీక్ష చేస్తున్న డాక్టరమ్మ, మా బడిలో చదువుకున్న పిల్లల వయసుది, ఏమైనా ఇబ్బందిగా ఉందా అని అడిగింది. చెప్పాను. గోడ మీద నారింజ రంగు తేలుతోందమ్మా, అని.

ఆమె చీటీ మీద నుంచి తలెత్తకుండానే, "అందరికీ కనిపిస్తుందండీ. కంగారేం లేదు," అంది.

నా గుండె చల్లబడింది. నాకు ముందే తెలిసిన సంగతే. నేను పాఠం చెప్పిన సంగతే. అయినా ఇంకొకరి నోటివెంట ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది. ఇంత చిన్న మాట. ఒక మనిషి మెట్లు దిగి వెళ్ళిపోతుంటే నేను ఇవ్వలేకపోయిన మాట ఇదా? ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. కంట్లో నీరు రానివ్వకూడదని నర్సమ్మ కోప్పడింది.

చూపు కుదుటపడ్డాక సబ్బవరం బస్సెక్కాను.

వెంచరు గేటు పక్కన ఒంటిగది రేకుల షెడ్డు. బయట నీలం రంగు నీళ్ళ డ్రమ్ము. పోలయ్య నులకమంచం మీద కూర్చుని ఉన్నాడు. జుట్టంతా తెల్లబడింది. నన్ను గుర్తుపట్టి, "బావ," అని జరిగి చోటిచ్చాడు. ఆ చోట్లో కూర్చోలేక నిలబడే చెప్పాను. గాలిలో చెమ్మ లేదని. బొమ్మ కోసం అన్నానని. నూకాలు అడిగితే అబద్ధమాడానని. గోడ మీద పడవ నాకూ కనిపించిందని.

అతను శ్రద్ధగా విన్నాడు. విని నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"నీకూ మొదలయ్యిందా బావ?" అన్నాడు జాలిగా. "బయపడకు. మందులు ఆపకండా ఏసుకుంటే పోతాది. నాకు పోనాది కదా."

"అది జబ్బు కాదు బావ. అందరికీ కనబడుద్ది. కావాలంటే ఆ డ్రమ్ము కాసేపు సూడు, సూసి గోడ మీదికి..."

"వొద్దు వొద్దు." చెయ్యి వదిలేసి మొహం తిప్పేసుకున్నాడు. "అలాటివి సూడొద్దన్నారు. కనబడినా కనబడనేదనే అనుకోవాల. నాను నేర్సుకున్నాను."

అప్పుడు చూశాను, నూకాలు గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పటినుంచి ఉందో. చేతిలో నా కోసం తెచ్చిన టీ గ్లాసు. నా వైపు చూడలేదు. డ్రమ్ము వైపు చూస్తోంది. కదలకుండా, రెప్ప వేయకుండా. టీ మీద మీగడ కట్టింది. కొంతసేపటికి తల తిప్పి షెడ్డు తెల్లగోడ వైపు చూసింది.

గ్లాసు కింద పెట్టేసింది.

"నాకూ కనబడతంది," అంది.

పోలయ్య బెదురుగా చూశాడు. "ఏటి? ఏటి కనబడతంది?"

"ఆరెంజి." వెళ్ళి మంచం మీద అతని పక్కన కూర్చుంది. "ఆరెంజి కనబడతందయ్యా నాకు. నీకు కనబడినాదే." అతని వీపు మీద చెయ్యి వేసింది. అతను ఆ చేతిని ఏం చేయాలో తెలియనివాడిలా బిగుసుకుపోయి కూర్చున్నాడు. ఇద్దరి వీపులూ నా వైపే ఉన్నాయి.

"నువ్వెల్లు," అంది. అన్నా అనలేదు.

నేను రోడ్డు మీదికి వచ్చి బస్సు కోసం నిలబడ్డాను. క్షమించమని అడగలేదు. అడిగి ఉంటే అది కూడా నా కోసమే అయ్యేది. నూకాలు ఆ రాత్రంతా ఏం చేసిందో, పోలయ్య ఆమె మాట నమ్మాడో, మందు మింగి పడుకున్నాడో నాకు తెలియదు. తెలుసుకునే హక్కు పోయింది. మళ్ళీ పిలుస్తారని నేను అనుకోవడం లేదు.

ఇప్పుడు మీకు చెప్పాను. గుండె తేలికైందా అని నన్ను నేను అడుగుతున్నాను. కొంచెం అయింది. ఆ కొంచానికి కూడా సిగ్గుగా ఉంది. అయినా ఒకసారి తిన్నగా, ఎవరి మీదికీ తోయకుండా రాసి ముగిస్తాను. ఆ మధ్యాహ్నం ఎండ కాసింది. రంగు ఆరేది. అబద్ధం చెప్పింది నేను. అతను సరిగానే విన్నాడు. సరిగానే చూశాడు.